రాజుగారు కూర్చున్న కుర్చీ

నాకు చిన్నప్పటి నుంచీ ఒక రోగం ఉంది. ఏదైనా నచ్చిందంటే నలుగురికీ చెప్పకుండా ఉండలేను. మంచి మామిడిపండు తింటే వీధిలో పోయేవాణ్ణి ఆపి మరీ చేతిలో ముక్క పెడతాను. మా ఆవిడ దీనికి టముకు రోగం అని పేరు పెట్టింది. దీనివల్ల నవ్వులపాలయ్యాను, చీవాట్లు తిన్నాను, అదంతా నేను పట్టించుకోలేదు. కానీ ఒక్కసారి, గల్ఫ్ యుద్ధం రోజుల్లో, నేను మెచ్చుకోవడం వల్ల ఒక మనిషి కంచం పంక్తిలోంచి లేచిపోయింది. ఆ మనిషి నేను నా చెవులతో విన్న పాటగాళ్ళందరిలోకీ గొప్పవాడు. తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు కుట్టేసుకోవాలనిపిస్తుంది. అయినా చూడండి, మళ్ళీ చెప్పడానికే కూర్చున్నాను.

అప్పుడు నేను రియాద్‌కు దక్షిణాన అల్ ఖర్జ్‌లో ఒక పెద్ద డెయిరీలో పశువుల డాక్టర్ని. కృష్ణా జిల్లాలో గేదెల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. అలాంటిది చుట్టూ ఇసుక, మధ్యలో రేకుల షెడ్లు, పైనుంచి సన్నటి నీటి తుంపర, దాని కింద తాపీగా నెమరేసే వేల నల్లమచ్చల ఆవులు. మొదటి నెలంతా నాకు నమ్మకం కుదరలేదు. పాలు పితకడానికి నాలుగు షెడ్లు, రోజుకు మూడు పూటలు. పితికేవాళ్ళలో పాకిస్తానీలు, బంగ్లాదేశీలు, మనవాళ్ళు ఉండేవాళ్ళు. మనవాళ్ళంటే ఎక్కువగా నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు.

వాళ్ళు ఎనిమిదిమంది కలిసి క్యాంపులో ఒక మెస్సు నడిపేవాళ్ళు. ఎవరి వంతు ఏ రోజో కాగితం మీద రాసి గోడకు అంటించారు. నేను స్టాఫ్ క్వార్టర్స్‌లో ఉండేవాణ్ణి, అయినా శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఆ మెస్సులోనే వాలేవాణ్ణి. ఎందుకంటే శుక్రవారం వంతు నేను చెప్పబోయే ఆ పాటగాడిది. ఆయన పచ్చిపులుసు, మాంసం కూర అంత బాగుండేవి. మెస్సుకు పెద్ద ఆ జిల్లా నుంచే వచ్చిన ఫోర్‌మన్. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే, ఎవరికి జ్వరమొచ్చినా మందు తెచ్చిచ్చేవాడు. "వీని చేతిల ఏమున్నదో గని సారూ, నా పెండ్లాం గూడ గిట్ల వండది" అని ఆయన్ని అందరికంటే ఎక్కువ పొగిడేది ఆ ఫోర్‌మనే.

ఆయనకు నలభై అయిదేళ్ళుంటాయి. పొడుగ్గా, సన్నగా, వెన్ను నిటారుగా పెట్టుకుని నడిచేవాడు. గమ్‌బూట్లు వేసుకుని పేడనీళ్ళలో నడుస్తున్నా ఆ నడకలో ఏదో దర్జా ఉండేది. మాట మాత్రం మహా పొదుపు. అవునన్నా కాదన్నా తల ఊపడమే. క్యాంపులో అందరూ ఆయన్ని మూగోడు అని పిలిచేవాళ్ళు. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద అయినా నేను నువ్వు అనేవాణ్ణి. ఆఫీసు వాళ్ళమంతా పాలు పితికేవాళ్ళను అలాగే పిలిచేవాళ్ళం, అందులో తప్పుందని తోచేది కాదు.

ఇంతలో యుద్ధం వచ్చింది. దగ్గరలోనే విమానాల స్థావరం ఉండటంతో ఆకాశం చిరిగిపోయే మోతతో జెట్లు మా షెడ్ల మీదుగానే లేచేవి. స్టాఫ్‌కు గ్యాస్ మాస్కులు ఇచ్చారు. లేబర్‌కు సైరన్ మోగితే తడి తువ్వాలు ముఖానికి కట్టుకోమని చెప్పారు. నేను నా మాస్కు నోరు మూసుకుని తీసుకున్నాను. సిగ్గుపడ్డాను కానీ తిరిగి ఇవ్వలేదు.

విమానాల మోతకు ఆవులు బెదిరిపోయాయి. బెదిరిన ఆవు పాలు ఎగబీలుస్తుంది, మిషన్ పెట్టినా వదలదు, కాలితో తంతుంది. మూడు షెడ్లలో పాలు పడిపోయాయి. నాలుగో షెడ్డులో మాత్రం, అదీ ఒక్క వరుసలో, ఆవులు ఎప్పటిలాగే ఇస్తున్నాయి. ఆ వరుస ఆయనది. దాణాలో తేడా ఏమైనా ఉందేమో చూద్దామని ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా అక్కడికి వెళ్ళాను.

పాలషెడ్డులో పితికే మనిషి నడుములోతు గుంతలో నిలబడతాడు. రెండు వైపులా ఆవులు వాడి ఛాతీ ఎత్తులో నిలబడతాయి. వాక్యూమ్ పంపు ఆగకుండా జుమ్మని మోగుతుంది. ప్రతి ఆవు దగ్గరా పల్సేటర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. దూడ చప్పరించినట్టు పొదుగును పట్టడం, వదలడం దాని పని. అది టక్ టక్, టక్ టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంది. ఏడాదిగా రోజూ ఆ చప్పుళ్ళు వింటూనే ఉన్నాను, నాకు అవి చప్పుళ్ళే.

ఆ గుంతలో ఆయన పాడుతున్నాడు. పంపు మోతను శ్రుతిగా పట్టుకుని, పల్సేటర్ దెబ్బను తాళంగా పెట్టుకుని పాడుతున్నాడు. ముందు బొంగురుగా, గంభీరంగా ఒక రాజు గొంతు. అది ఆగీ ఆగకముందే సన్నగా, ఏడుపు ఆపుకుంటూ జవాబిచ్చే రాణి గొంతు. మధ్యలో వెటకారంగా ప్రశ్నలు వేసే మరో గొంతు. మూడూ ఆయనవే. చరణం పైకి లేచినప్పుడు ఎడమచెయ్యి చెవి మీదికి పోతోంది. బూటు కాలు తడినేల మీద తకతక కొట్టి ఒక చుట్టు తిరుగుతోంది, అదే ఊపులో కుడిచెయ్యి తర్వాతి ఆవుకు మిషన్ తగిలిస్తోంది. తలమీద జెట్టు లేచింది. ఆయన గొంతు దానితో పోటీ పడలేదు, దాని కిందుగా ఒక మెట్టు దిగి నడిచింది, మోత పోయాక మళ్ళీ తన మెట్టెక్కింది. ఒక్క ఆవు కూడా కాలెత్తలేదు. నేను నాటకాలు చూశాను, కచేరీలు విన్నాను. అలా వణుకు పుట్టడం మాత్రం నాకు అదే మొదలు.

అవతలి తలుపు దగ్గర మా మేనేజరు కూడా నిలబడి వింటున్నాడు. డచ్చాయన, యాభై దగ్గరపడ్డ మనిషి. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఇద్దరం చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి ఆయన జీపెక్కాం. ఆయన అద్దాలు పైకెత్తాడు.

"మా వైపు దీన్ని ఒపేరా అంటారు. కథంతా పాటే," అన్నాడు. తర్వాత, ఈ దేశంలో గట్టిగా అనకూడని మాటొకటి చెప్తానంటూ గొంతు తగ్గించాడు. వాళ్ళమ్మ ఊళ్ళో ఒక ఒపేరా గాయని ఉండేదట, యూదురాలు. ఊరంతా ఆమె పేరుతో పోస్టర్లు ఉండేవి. జర్మన్లు వచ్చాక ముందు పోస్టర్ల మీద ఆమె పేరు గీకేశారు, తర్వాత స్టేజీ ఎక్కొద్దన్నారు, తర్వాత మనిషినే వెతకడం మొదలుపెట్టారు. ఆమెను వాళ్ళమ్మ వాళ్ళ ఇంటిపైన ఒక వెనకగదిలో ఎవరో దాచారు. పక్కనే వడ్రంగి దుకాణం. అందులో రంపం మిషన్ ఆడుతున్నంతసేపే, ఆ మోత చాటున ఆమె పాడేదట. కొత్తగా కాపురానికొచ్చిన వాళ్ళమ్మ బంగాళాదుంపలు తొక్క తీస్తున్నట్టు మెట్ల మీద కూర్చుని వినేదట.

"మీ అమ్మ ఎవరికీ చెప్పలేదా?" అని అడిగాను.

"మా నాన్నకు కూడా చెప్పలేదు. యుద్ధం అయ్యాక ఆమె కిందికి దిగి వచ్చి మా అమ్మతో, 'మూడో మెట్టు కిర్రుమనేది, నువ్వు ఉన్నావని నాకు తెలుసు' అందట. తర్వాత మళ్ళీ స్టేజీ ఎక్కింది. మా అమ్మకు ముందు వరుసలో టికెట్ పంపింది." ఆయన జీపు స్టార్ట్ చేశాడు. "నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. అంతవరకే."

నేను బుద్ధిగా తల ఊపాను.

పూట అయిపోయాక ఆ పాటగాడు చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి, ఎంత బాగా పాడావయ్యా, ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సారూ, మీ కాళ్ళు మొక్కుత, ఎవ్వలకు చెప్పకుండ్రి" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైపోయిందనుకున్నాను. పాటలు, అందులో మన దేవుళ్ళ పేర్లు, పోలీసుల చెవిన పడితే మర్నాడే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తారు. "నీకేం భయం లేదు, అరబ్బుల దాకా పోనివ్వను" అని భుజం తట్టాను. ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆ చెప్పబోయిన మాట వినిపించుకునే ఓపిక నాకుంటే ఈ కథే లేదు.

శుక్రవారం వచ్చింది. మెస్సులో అందరం నేలమీద పేపర్లు పరుచుకుని వరుసగా కూర్చున్నాం. ఆయన వడ్డిస్తున్నాడు. నేను మూడురోజులుగా కడుపు ఉబ్బిపోయి ఉన్నాను. ఇక్కడున్నది మనవాళ్ళేగా, ఒకే జిల్లావాళ్ళేగా, వీళ్ళకు చెప్తే ఏం పోయింది?

"మీ మూగాయన ఎంత గొప్పవాడో మీలో ఒక్కరికైనా తెలుసా?" అని మొదలుపెట్టాను. ఆయన చేతిలో గరిటె ఆగింది. అది చూశాను కూడా, మొహమాటం అనుకున్నాను. రాజూ ఆయనే, రాణీ ఆయనే అంటూ లేచి నిలబడ్డాను. చెవిమీద చెయ్యి పెట్టి, కాలితో తకతక కొట్టి, ఒక చుట్టు తిరిగి చూపించాను. కోస్తావాణ్ణి, నాటకమంటే హార్మోనియం, పద్యం అని తెలిసినవాణ్ణి. పాట ఎవరిదైనా కావచ్చు, పాడే తీరును బట్టి కులం తెలిసిపోతుందని నాకెవరు చెప్పారు?

ఫోర్‌మన్ తినడం ఆపాడు. "అడుగెట్లేసిండు సారూ? ఒక్కసారి మల్ల ఏసి సూపియ్యుండ్రి" అన్నాడు నెమ్మదిగా.

అడిగాడు కదా అని ఇంకా హుషారుగా మళ్ళీ వేసి చూపించాను. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఫోర్‌మన్ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆయనవైపు తిరిగి, "చిందోనివా నువ్వు?" అన్నాడు.

ఆయన గరిటె గిన్నెలో పెట్టాడు. వెన్ను నిటారుగానే ఉంది. "ఔ" అన్నాడు.

"మూడేండ్ల సంది వీని చేతి కూడు తింటున్నం గదరా" అని ఫోర్‌మన్ లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఒకతని నోటినిండా అన్నం ఉంది, మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే బయటికి నడిచాడు. నేను లేవలేదు. అదేమీ నా గొప్పతనం కాదు, నాకు జరిగిందేమిటో అర్థం కాలేదు. నా పక్కన కూర్చున్నతను గుమ్మంలో ఆగి చెప్పాడు: "ఊరి అవతల మాదిగవాడ, ఆ వాడకు అవతల చిందోళ్ళు సారూ. గాళ్ళు భాగవతం ఆడెటోళ్ళు. మీకు ఎర్క లేదు."

సాయంత్రానికి గోడ మీది కాగితంలో శుక్రవారం ఎదురుగా ఉన్న పేరు మీద అడ్డగీత పడింది. ఆయన తోమిన గిన్నెలను మళ్ళీ ఇసుక పెట్టి తోమారు.

మర్నాడు మధ్యాహ్నం గడ్డిషెడ్డు వెనక ఆయన ఒంటరిగా చిన్న కిరసనాయిలు స్టవ్వు మీద వండుకుంటుంటే వెళ్ళాను. "నన్ను క్షమించండి. మీరు వద్దన్నా చెప్పాను" అన్నాను. మీరు అనడం అదే మొదలు.

"నన్ను మీరు అనకుండ్రి సారూ, భయమైతది" అని చిన్నగా నవ్వాడు. "మెచ్చుకునుడే జేసిన్రు గద. మమ్ములను తిట్టినోళ్ళ కన్న మెచ్చుకున్నోళ్ళే ఎక్కువ. మెచ్చుకుంటరు, ఎనుక కుర్చీ కడుగుతరు."

కుర్చీ ఏమిటన్నాను. అప్పుడు, మూడేళ్ళుగా మూగవాడైన ఆ మనిషి, అన్నం ఉడికి చల్లారిపోయేదాకా మాట్లాడాడు.

వాళ్ళది పెద్ద మేళం. వాళ్ళమ్మ ఆ మేళానికి రాజు. ఆడమనిషే, కానీ రాజువేషాలన్నీ ఆమెవే. ముఖానికి పచ్చగా అర్దళం పూసుకుని, పొనికి కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు పెట్టుకుని ఆమె తెర వెనక నుంచి గొంతు విప్పితే మూడు ఊళ్ళు కదిలేవట. ఆయన ఆరేళ్ళప్పుడు ఆమె చంకలోనే మొదటి వేషం కట్టాడు. రోలు దగ్గర, కట్టెలు కొట్టే దగ్గర, ఎక్కడ ఏ చప్పుడున్నా దాన్నే తాళం చేసి ఆమె పాట నేర్పింది. మిషన్ల మధ్య ఆయనకు పాట ఎలా కుదిరిందో అప్పుడు నాకు తెలిసింది. ఏ వేషం ఎవరు రాకపోయినా ఆయన నిలబడేవాడు. రాజు, రాణి, మంత్రి, హాస్యగాడు, అన్నీ కంఠస్థం. ఆటలో రాజుకు సింహాసనం కావాలి కనుక ఊరి పెద్ద ఇంటి నుంచి కుర్చీ వచ్చేది. ఆట నడుస్తున్నంతసేపూ ఆ పెద్దలే రాజుకు దండం పెట్టేవాళ్ళు. తెల్లారాక వాళ్ళ ముందే ఆ కుర్చీని కడిగి లోపలికి తీసుకుపోయేవాళ్ళు.

"కొన్నేండ్లకు నేనే కడిగిచ్చుడు వట్టిన సారూ. వాళ్ళు కడుగుతుంటె సూసుడు కన్న నేను కడుగుడే నయం అనిపిచ్చింది."

ఒకసారి ఆట మధ్యలో పెద్దవాన వచ్చింది. కిరీటం తడిస్తే పాడైపోతుందని వాళ్ళమ్మ రాజువేషంతోనే పక్కనున్న ఊరిపెద్ద ఇంటి అరుగెక్కి నిలబడింది. అంతే. అరుగు ఎక్కినందుకు ఆమెను కొట్టారు, అడ్డం పోయినందుకు ఈయన్ని కొట్టారు, వాన వెలిశాక వేషాల పెట్టె తెచ్చి కాల్చేశారు. ఆ తర్వాత ఆ వైపు ఊళ్ళలో వాళ్ళకు ఆట లేదు. ఆమె మళ్ళీ గొంతెత్తలేదు. ఆమె పోయాక ఆయన ఏజెంటును పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. క్యాంపులో కులం అడిగితే వేరే చెప్పాడు.

"మూడేండ్లు అందరితోటి ఒక్క బంతిల కూసోని తిన్న సారూ. పుట్టినప్పటి సంది అట్ల తినలె. పాట పోతె పోయింది, బంతి దొరికింది అనుకున్న. పాడితె ఎర్కైతదని నోరు మూసుకున్న. గా విమానాలకు ఆవులు వణుకుతుంటె ఆగవట్టలె." స్టవ్వు ఆర్పాడు. "గిప్పుడు బంతి పోయింది. పాటన్న ఉండాలె గద. ఈడ ఉండే ఇకామా అయిపోయే లోపల ఒక్క ఆట ఆడి పోత. నోరు మూసుకోని వచ్చిన, నోరు మూసుకోని పోను."

ఆయన మీద నాకున్న మెప్పు అంతవరకూ ఒక ఎత్తు, ఆ మాట విన్నాక ఒక ఎత్తు. ఎవరైనా ఆఫీసులో ఒక్క మాట చెప్తే మాకు వీసా ఇచ్చిన కఫీల్ దాకా పోతుంది, కేసు అవుతుంది. అయినా ఆయన ఆట సంగతి దాచలేదు. స్వయంగా ఫోర్‌మన్ దగ్గరికి పోయి, యుద్ధం అయిపోగానే శుక్రవారం పొద్దున గడ్డిషెడ్డులో ఆట ఉంది, చెప్పాలనుంటే చెప్పుకోమన్నాడు. ఫోర్‌మన్ అటువైపు తిరిగి పడుకున్నాడట.

బాంబులు ఆగాయి. మేం కిరీటం కట్టడం మొదలుపెట్టాం. మందుల అట్టపెట్టెలు కోసి, సిగరెట్టు పెట్టెల్లోని వెండికాగితం అంటించాం. వ్యాక్సిన్లు వచ్చే థర్మోకోల్ డబ్బాలు భుజకీర్తులయ్యాయి. ముఖానికి పూసే పచ్చరంగు మాత్రం నా ఘనతే. పొదుగులకు రాసే క్రీములో పసుపు కలిపి ఇచ్చాను. ఆయన అద్దంలో చూసుకుని, అర్దళం కన్నా బాగా పట్టిందన్నాడు. సింహాసనానికి నా ఆఫీసు కుర్చీ మోసుకొచ్చాను. ఒక బంగ్లాదేశీ మిల్కర్ పాలక్యాన్లు బోర్లించి మద్దెల చేశాడు. ట్రాక్టరు నడిపే పఠాన్ విషయం తెలుసుకుని, "గానా హై? మై బాహర్ ట్రాక్టర్ చాలూ రఖూఁగా" అన్నాడు. అన్నట్టే పాట బయటికి వినపడకుండా షెడ్డు ముందు ఇంజన్ ఆన్ చేసి కూర్చున్నాడు. డచ్చాయన ఆ పొద్దున మా షెడ్డు వైపు రాకుండా ఎటో వెళ్ళిపోయాడు, వెళ్తూ నాతో 'మూడో మెట్టు' అని కన్ను గీటాడు.

ఆ ఆటలో ఒక పద్ధతుంది. రాజు ముందు తెర వెనక ఉంటాడు. తెర ఇవతల ఒకడు నిలబడి, తెర వెనక ఉన్నది ఎవరు, ఏ దేశం, ఎవరి బిడ్డ అని అడుగుతాడు. రాజు తన బిరుదులన్నీ చదివాక తెర దించుతారు. అడిగేవాడు లేకపోతే రాజు రాలేడు. ఆ పని నాకు పడింది. వారంరోజులు నేర్పించాడు. నోరు ఎప్పుడు మూసుకోవాలో నాకు నేర్పిన గురువు కూడా ఆయనే.

గడ్డిమోపుల మీద ముప్పైమంది దాకా కూర్చున్నారు. మెస్సువాళ్ళు ఐదుగురు వచ్చారు. అందులో ఇద్దరు దుప్పటి పట్టుకుని తెర అయ్యారు. ఫోర్‌మన్ ఆఖర్న వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. బయటి ఇంజన్ మోతలో ఆయన శ్రుతి వెతుక్కున్నాడు. క్యాన్ల మీద దెబ్బ పడింది. నేను అడిగాను: "తెర వెనక ఉన్నది ఎవరు? ఏ దేశం? ఎవరి బిడ్డ?"

నాకు నేర్పిన జవాబు వేరు. వచ్చిన జవాబు వేరు. రాజు గొంతుతోనే, రాగం తీస్తూ ఆయన తన పేరు చెప్పాడు. తన ఊరు చెప్పాడు. వాళ్ళమ్మ పేరు చెప్పాడు, ఆమె కట్టిన వేషాలు చెప్పాడు. "చిందు కులం మాది. మా అవ్వ కిరీటం కాలవెట్టిన్రు. ఇది రెండోది" అన్నాడు. ఆ పేర్లు నేనిక్కడ రాయడం లేదు, అవి ఆయన గొంతులో వింటేనే పేర్లు.

"ఇగ నేను రాజును. తెర దించుండ్రి."

దుప్పటి పట్టుకున్న ఇద్దరూ తలుపు వైపు, ఫోర్‌మన్ వైపు చూశారు. దుప్పటి దిగింది.

ఆ తర్వాతి మూడు గంటల గురించి ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు. అట్టకిరీటం అని మేం మర్చిపోయాం. గమ్‌బూట్ల కాళ్ళు గజ్జెల్లేకుండానే గజ్జెల్లా పలికాయి. రాజ్యం పోయి అడవిలో పడ్డ రాజు ఒకవైపు, బిడ్డను వెతుక్కునే రాణి మరోవైపు. ఆయన ఒక్కడే ఇటు తిరిగి ప్రశ్న అయ్యాడు, అటు తిరిగి జవాబయ్యాడు. కానీ ఒక లోటుంది. చరణం చివర వంతపాడేవాళ్ళు లేరు. ప్రతిసారీ ఆయన ఆ వంత దగ్గర ఆగి, ఖాళీ వదిలి, ముందుకు పోతున్నాడు. నాలుగోసారో ఐదోసారో ఆ ఖాళీలో వెనకనుంచి ఒక మోటు గొంతు పడింది, అపశ్రుతిలో, కానీ ఒక్క మాట తప్పకుండా. ఫోర్‌మన్. చిన్నప్పటినుంచీ ఊళ్ళో ఆ ఆటలు చూసి పెరిగినవాడు, నోటికి రాకుండా ఎలా ఉంటుంది? ఆయన అటు చూడలేదు. తర్వాతి వంత దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగాడు.

అంతా ఒక్కరోజులో మారిపోయిందని నేను చెప్పను. తర్వాతి శుక్రవారం ఆయన వండితే ఐదుగురు కూర్చుని తిన్నారు. ఫోర్‌మన్ రాలేదు, కాగితం మీది అడ్డగీతా చెరపలేదు. ఆయన ఎగ్జిట్ మీద వెళ్ళిపోయే రోజున మాత్రం ఎయిర్‌పోర్టు దాకా బండి నడిపింది ఫోర్‌మనే. ఊరికి పోయి ఆయన మళ్ళీ మేళం కట్టాడని, వేషాల పెట్టె కాల్చిన ఊళ్ళోనే ఆడాడని, కూతురికి రాజువేషం నేర్పాడని కొన్నేళ్ళకు తెలిసింది. ఆ కబురు విన్న రోజు నేను డ్యూటీలో ఉన్నవాళ్ళందరికీ స్వీట్లు పంచాను, ఎందుకో చెప్పకుండానే.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆట కాదు, ఆట అయిపోయిన తర్వాతి రెండు నిమిషాలు. జనం లేస్తున్నారు. మధ్యాహ్నం పితకడానికి వేళవుతోంది. ఆయన కిరీటం తీసి గడ్డిమోపు మీద పెట్టాడు. ముఖం మీద పసుపు అలాగే ఉంది. ఎవరివైపూ చూడకుండా నా కుర్చీని షెడ్డు బయటికి తెచ్చాడు, గోడకున్న నీళ్ళ పైపు అందుకున్నాడు, పంపు తిప్పి కుర్చీ కడగబోయాడు. మూడు గంటలు రాజైన మనిషి, తన కులం తెర వెనక నుంచి చాటి చెప్పిన మనిషి, అయినా ఆయన చేతులు వాటంతట అవే ఆ పని చేస్తున్నాయి.

ఫోర్‌మన్ పెద్ద అడుగులేసుకుంటూ వచ్చి పంపు కట్టేశాడు. ఆయన ముఖం వంక చూడకుండా, విసుగ్గా, "కుర్చీ తడిసినంక సారు ఏడ కూసుంటడు?" అని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన చేతిలో పైపు వంక చూసుకున్నాడు. "యాదిల లేక పట్టుకున్న సారూ" అన్నాడు. నేను కుర్చీ భుజానికెత్తుకున్నాను. దాని వీపు మీద, ఆయన తల ఆనినచోట, పసుపు మరక అంటుకుని ఉంది. నేను ఆ ఉద్యోగం వదిలేదాకా దాన్ని తుడవలేదు, అదెక్కడిదని అడిగినవాళ్ళకు చెప్పనూ లేదు. ఆ రోజు నేను నాలుగడుగులు వేశానో లేదో ఆయన వెనకనుంచి పిలిచాడు.

"సారూ. ఇగ ఎవ్వలకన్న చెప్పుండ్రి. ముందుగాల నేనే చెప్పిన గద."